సేజ్ ఆకూ, చెల్లెలి ముక్కూ

చిన్న హోటలు వంటగది. మధ్యాహ్నం భోజనాల వేళకు కాస్త ముందు. వంట మాస్టరు, అతని చెల్లెలు.

"మళ్ళీ చూడవే."

"చూశానన్నయ్యా. ఇందాకట్నుంచీ అదే పనిగా చూస్తున్నా."

"చూడ్డం కళ్ళున్న ప్రతివాడూ చూస్తాడు. నలుపు. ఒక్క ఆకు తుంపి, వేళ్ళ మధ్య పెట్టి ఊరికే అలా నలుపు. ముక్కు దగ్గర పెట్టుకో. ఆఁ, ఇప్పుడు చెప్పు."

"బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుంది. ఇంకేం చెప్పమంటావు?"

"అమ్మా తల్లీ, సినిమా ఎలా ఉందని అడిగానా నిన్ను? సేజ్ ఆకు ఎలా ఉందని అడిగాను. కర్పూరం ముందొస్తోందా, మిరియం ముందొస్తోందా?"

"ఏది ముందు రావాలి అసలు?"

"మిరియం. లేతాకైతే మిరియం ముందొచ్చి, దాని వెనకాల సన్నగా కర్పూరం వస్తుంది. ముదురాకైతే కర్పూరం ఒక్కటే. మందుల షాపులో దూరినట్టుంటుంది."

"అయితే మిరియమే ముందొస్తోంది."

"ఈ రెండు కట్టల్లో ఏ కట్టకి?"

"ఈ కట్టకి."

"ఇందాక ఆ కట్ట అన్నావు!"

"ఇందాక... ఇందాక రెండూ కలిపి పట్టుకున్నా. తికమకపడ్డా. నువ్విలా నెత్తిమీద కూర్చుంటే ఎవరికైనా..."

"కూర్చోక? ఇంకాసేపట్లో ఓనరు మేడమ్ వచ్చి ఆ బల్ల ముందు కూర్చుంటుంది. సరే, రెండూ ఇటియ్యి, చేత్తో చూస్తా. ఇదిగో ఇది, పెద్దాకులు. వెనక ఈనెలు గట్టిపడ్డాయి. కాడ చివర చూడు, పూత తుంపిన గుర్తు. పూత వచ్చాక ఆకు చేదెక్కుతుంది. ఆ కూరలవాడు పూత గిల్లేసి నీకు అంటగట్టాడు."

"వాడి మొహం మండ! లేతదని ఒట్టేసి మరీ చెప్పాడు."

"మరి నువ్వు నలిపి చూడలేదా అక్కడ?"

"చూశా. అక్కడ... చేపల దుకాణం పక్కనే కదా, అంతా కలిసిపోయింది."

"అదీ నిజమేలే. ఇంకోటి చూడు. చిన్నాకులు. దూడ చెవిలా మెత్తగా ఉన్నాయి. నల్లబడలేదు, మచ్చల్లేవు. ఇదే మనకి కావలసింది. వేళ్ళు చెప్తున్నాయి. కానీ వేళ్ళు సగమే చెప్తాయే. మిగతా సగం..."

"మిగతా సగానికి నేనున్నాగా."

"నువ్వున్నావు. నువ్వే లేకపోతే నా గతేంటో తలుచుకుంటేనే కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ ముదురు కట్ట అవతల పెట్టు, సూప్‌లో కాడలతో సహా పడేస్తా. ఎంతసేపు ఉడికినా తట్టుకుంటుంది సేజ్. కొత్తిమీరలాగా కాదు."

"నిన్న మేడమ్ నిన్ను పిలిచి ఏమందో చెప్పనేలేదు నాకు."

"ఏమంటుంది."

"అన్నయ్యా."

"ఈ వారంలో ప్లేట్లు వెనక్కొచ్చాయంది. సబ్బు నమిలినట్టుందన్నారట. 'మాస్టరూ, రేపు నేనే కూర్చుని తింటాను, సేజ్ గుమ్మడికాయే చెయ్యి. అది బాగుంటే ఇంక మాట లేదు. బాగోకపోతే మాత్రం నువ్వు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో' అంది."

"విశ్రాంతంటే? సెలవా?"

"సెలవట, సెలవు! మర్యాదగల మనిషి కాబట్టి విశ్రాంతి అంది. ఇంకొకరైతే 'ఫో' అనుండేవాళ్ళు."

"మరి పై గది?"

"వంటగది పోయాక పై గది మనకెందుకిస్తారే? కొత్త మాస్టరొస్తాడు, వాడి పెళ్ళాం పిల్లలొస్తారు. మన మంచాలు మెట్లు దిగుతాయి."

"అయ్యో దేవుడా."

"ఈ హోటలుకి నలుగురూ వెతుక్కుంటూ వచ్చేది ఈ ఒక్క ప్లేటు కోసమే. గుమ్మడికాయ, వెన్న, సేజ్. ఇంతే. దీన్నే చెడగొట్టుకుంటే నేనింక ఏం చేసి ఏం లాభం?"

"చెప్పెయ్యరాదూ ఆవిడకి? జ్వరం తర్వాత వాసన పోయిందని. మంచావిడే కదా. కసురుకోదు."

"కసురుకోదు. 'అయ్యో పాపం' అంటుంది. అని, మర్నాడు కొత్తవాణ్ణి పెట్టుకుంటుంది. చూపు పోయినవాడి చేతికి కారు తాళాలు ఎవరైనా ఇస్తారా?"

"డాక్టరు తిరిగి రావచ్చన్నాడుగా."

"రావచ్చన్నాడు, రాకపోవచ్చనీ అన్నాడు. ఆ మాత్రానికి డాక్టరెందుకు, నేనే చెప్పుకోగలను. పొద్దున కూడా చూశానే. ఉల్లిపాయ కళ్ళు మండించింది గానీ ముక్కు పలకలేదు. కిరోసిన్ చూశా. మురిక్కాలవ దగ్గర నిలబడి గుండెల నిండా పీల్చా. చివరికి నా సాక్సు కూడా చూశా."

"ఛీ ఛీ!"

"ఏమీ లేదు. ఉతికి ఆరేసినట్టే ఉంది."

"అదొక్కటే నయం. దానికి సంతోషించు."

"నవ్వు, నవ్వు. నీకేం, ముక్కున్నదానివి. నాకిది ముక్కుపుడక పెట్టుకోవడానికి కూడా పనికిరాదు."

"అన్నయ్యా, నీకొక మాట చెప్పనా?"

"గుమ్మడికాయ ముక్కలు వేగాయో లేదో చూసి చెప్పు."

"వేగాయి. చాకు దిగుతోంది, ఆ పొయ్యి కట్టేశా. మాట చెప్తానంటే..."

"తర్వాత. వెన్న ఇటియ్యి. ఉప్పు లేని వెన్న. అది కాదు, ఆ పక్కది. పెనం ఇదా? తెల్లటి గిన్నె ఏమైంది?"

"మొన్న నువ్వే మాడ్చి పారేశావుగా."

"ఆఁ. మర్చిపోయా. ఈ నల్ల పెనంలో రంగు కనపడి చావదు. వెన్న ముందు నురగ కడుతుంది, నురగ దిగాక అడుగున ఎర్రబడుతుంది. అప్పుడు ఒక వాసన వస్తుంది, నీకు తెలుసుగా?"

"వేయించిన పల్లీల వాసన."

"అదే! ఎంత బాగా చెప్పావు. అచ్చం నేను చెప్పినట్టే."

"నువ్వు చెప్పిందేలే. ఎన్నిసార్లు విన్లేదు నీ నోట!"

"ఆ వాసన వచ్చీ రాగానే ఆకులు పడాలి. రెప్పపాటు ఆలస్యమైతే మాడు. పొయ్యి వెలిగిస్తున్నా. ముక్కు పెనం మీద పెట్టు."

"పెట్టా."

"ఇంకా దగ్గరికి."

"ముక్కు కాల్చుకోమంటావా?"

"ఉన్న ఒక్క ముక్కూ కాల్చుకోకు తల్లీ, మనిద్దరికీ అదే దిక్కు. ఎలా ఉంది?"

"నురగ కడుతోంది."

"నురగ నాకూ కనపడుతోంది. వాసన?"

"ఇంకా లేదు."

"ఇప్పుడు?"

"ఆగు."

"ఇప్పుడొచ్చిందా?"

"ఆగమంటున్నానా... నురగ దిగనీ... ఆఁ, వేసెయ్! ఇప్పుడు!"

"వేశా! పల్లీల వాసనేగా? మాడు కాదుగా?"

"కాదు."

"ఒట్టు?"

"ఒట్లెందుకు అన్నయ్యా, వేసేశావుగా."

"ఇంక మాట్లాడకు. ఇప్పుడు చెవుల పని. విన్నావా ఆ చిటపట? ఆకులో తడి ఉన్నంతసేపూ అలా అరుస్తుంది. అరుపు తగ్గిందంటే తడి పోయినట్టు. అప్పుడు తీస్తే కరకరలాడుతుంది. చెవులైనా మిగిల్చాడు దేవుడు... తగ్గుతోంది... తగ్గింది. తీసేశా. పొయ్యి ఆపేశా. ఒకటి నోట్లో వేసుకో."

"కరకరలాడుతోంది."

"అది పళ్ళకి తెలుస్తుంది. రుచి?"

"ఉప్పు కొంచెం తగిలిస్తే బాగుంటుంది."

"ఉప్పు సంగతి నాలుక చెప్తుందే! ఉప్పూ తీపీ నాకూ తెలుస్తున్నాయి. అవి తప్ప మిగతాదంతా గోడ నాకినట్టుంది. సేజ్ సంగతి చెప్పు నాకు."

"సేజ్... ఉంది."

"ఉందా? హాజరు పిలుస్తున్నానా నేను? ఎక్కువైందా, తక్కువైందా? ఎక్కువైతేనే సబ్బులా ఉంటుంది. ముక్కల్లో కలపడానికి ఇంకో నాలుగాకులు తుంపనా, వద్దా?"

"నీకేమనిపిస్తోంది?"

"నాకనిపించేదే ఉంటే నిన్నెందుకు అడుగుతానే, పిచ్చిమొహమా! మొన్నా ఇలాగే అడిగాను. ఇంకొంచెం వెయ్యమన్నావు, వేశాను. ప్లేటు వెనక్కొచ్చింది."

"అందుకే భయంగా ఉంది."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడుస్తున్నావు. ఇటు చూడు. అరిచాను కదూ? నేను తిట్టింది నిన్ను కాదే, నన్ను నేను తిట్టుకుంటున్నా. నువ్వు సరిగ్గానే చెప్పుంటావు. తిన్నవాడి నోరే బాగుండలేదేమో."

"నాదే తప్పేమో అన్నయ్యా."

"నోర్ముయ్. నీ ముక్కు మీద నాకు నా ముక్కు కంటే ఎక్కువ నమ్మకం. జ్వరమప్పుడు గుర్తుందా? పై గదిలో ఆ చివర నువ్వు, ఈ చివర నేను. మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు."

"గుర్తుంది. ఇప్పుడెందుకది?"

"జ్వరం దిగాక సూప్‌లో పిండుదామని నిమ్మకాయ కోశాను. ఏమీ లేదు. పిండాను, ముక్కులో పెట్టుకున్నాను, మొహానికి రుద్దుకున్నాను. ఏమీ లేదు. ఇంత మనిషినీ నేలమీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను."

"వద్దన్నయ్యా, ఆ మాటలిప్పుడు."

"అప్పుడు మంచం మీంచి నువ్వన్నావు, 'ఏడవకన్నయ్యా, నాకొస్తోంది నిమ్మకాయ వాసన, నేను చెప్తాగా నీకు' అని. ఆ మాట పట్టుకునే లేచానే నేను. ఆ మాటే లేకపోతే మళ్ళీ ఈ వంటగది గడప తొక్కేవాణ్ణి కాదు."

"అన్నయ్యా, మనం మేడమ్‌కి చెప్పేద్దాం. ఇప్పుడే. ఇద్దరం వెళ్ళి నిజం చెప్పేద్దాం."

"ఇద్దరమేంటి? పోయింది నాదేగా. నువ్వెందుకు మధ్యలో?"

"అది కాదు. నేను చెప్పాల్సింది..."

"సూప్! సూప్ పొంగుతోంది, చూడు!"

"అయ్యయ్యో!"

"కిటికీ పక్క పొయ్యి! మూత తియ్యి! గుడ్డ పట్టుకోవే, చెయ్యి కాలుతుంది!"

"తీశా, తీశా. అంతా పొయ్యి మీదకి కారింది."

"మంట ఆరిందా?"

"తెలీదు. ఇంత వెడల్పు గిన్నె, కింద ఏమీ కనపడట్లేదు. ఉన్నట్టే ఉంది."

"వంగి చూడు."

"వేడి కొడుతోంది అన్నయ్యా, మొహం పెట్టలేకపోతున్నా. ఉందిలే, ఉంటుంది."

"సరేలే, ఆరుంటే నీకు వాసన తెలుస్తుందిగా. నాకంటే తెలీదు."

"...ఆఁ."

"తుడిచి వచ్చెయ్. ఆ కిటికీ ఎందుకు మూశావు?"

"గాలికి మంట నిలవట్లేదని పొద్దున నువ్వేగా మూయమన్నావు."

"అన్నానా? నా బుర్రలో ఇవాళ ఏమీ నిలవట్లేదు. ఇంకో నాలుగాకులు తుంపనా? ఆ మాట తేల్చు ముందు. అవునంటావా, కాదంటావా?"

"కాదు."

"నిజంగా? వాసన చూసే చెప్తున్నావా?"

"మొన్న ఎక్కువైంది కదా. ఇవాళ వద్దు."

"మొన్నటి సంగతి కాదు, ఇవాళ్టి సంగతి అడుగుతున్నా. ఇవాళ ఆకు వేరు, వెన్న వేరు. పెనం మీద వంగి ఒక్కసారి గట్టిగా పీల్చి చెప్పవే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పెద్దవాడివి, అవేం మాటలు! పీలుస్తున్నా. ఇదిగో. సరిపోయింది. ఇంక వద్దు."

"కర్పూరం లేదుగా?"

"సన్నగా ఉంది."

"వెనకాల?"

"వెనకాలే. మిరియం ముందు."

"నా బంగారం! ఇంకేం, గట్టెక్కాం. ప్లేటు ఇటియ్యి. ముక్కలు ముందు. ఇలా ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు, మెత్తబడిపోతాయి. వెన్న చెంచాతో పొయ్యాలి. వేగిన ఆకులు పైన. నాలుగే. ఆవిడ చేత్తో తీసి ముందు ఆకే తింటుంది, నాకు తెలుసు."

"ఎందుకన్నయ్యా అంత కంగారు?"

"కంగారుండదూ? ఎన్నాళ్ళుగా వండుతున్నానో ఇక్కడ! ఆవిడ భర్త పోయిన రోజుల్లో ఏమీ ముట్టేది కాదు. ఈ ప్లేటే పట్టుకెళ్ళి ఎదురుగా పెట్టి, తినేదాకా కదలనని నిలబడ్డాను. తింది. ఆ మనిషి ముందు ఇవాళ పరీక్షకి కూర్చున్నట్టుంది నాకు. నా వంట నాకే తెలీదు చూడు. ఇంకొకడు చేసిన ప్లేటు మోసుకెళ్తున్నట్టుంది."

"అన్నయ్యా, ఆవిడొచ్చేలోపు నా మాట ఒక్కటి విను. కోప్పడకు."

"నీ మీద కోపమా నాకు?"

"కోప్పడవుగా?"

"చెప్పు."

"నేను... నువ్వు ఆ రోజు ఏడుస్తుంటే..."

"ష్. కారు ఆగింది. తలుపు చప్పుడు. వచ్చేసింది!"

"అన్నయ్యా!"

"ఆవిడ తినేశాక చెప్పు, ఎంతసేపు కావాలంటే అంతసేపు వింటా. ఇప్పుడు నా బుర్రకేమీ ఎక్కదు. అయ్యో, ప్లేటు చల్లారిపోతోందే. వెన్న గడ్డకడుతోంది అంచుల్లో, చూడు."

"ఏం చేద్దాం?"

"ఆకులు తీసి పక్కన పెట్టు. ముక్కలు పెనంలో వేసి ఒక్క క్షణం వెచ్చబెడతా. పొయ్యి వెలిగించాలి. లైటరేదీ?"

"ఇక్కడే ఉండాలి."

"ఇక్కడే ఉండాలంటే కాదు, ఇవ్వాలి!"

"గుడ్డ కిందుంది. ఇదిగో, దొరికింది."

"ఇలా తే. ఎందుకో తల దిమ్మెక్కినట్టుంది."

"నాకూ తల తిరుగుతోంది. భయానికేమో."

"భయానికే. ఇంకేముంది. జరుగు, వెలిగించనీ..."

"మాస్టరూ, వస్తున్నా, వడ్డిస్తావా మరి... అబ్బ! ఏంటయ్యా ఇది? తలుపు తియ్యగానే గుప్పుమంది!"

"రండి మేడమ్, రండి! సేజ్ మేడమ్. లేతాకు. వెన్నలో ఇప్పుడే వేయించాను. గుమ్మం దాకా వచ్చిందా వాసన?"

"సేజేంటి నీ మొహం! గ్యాసు! గ్యాసయ్యా! ఆ లైటర్ కింద పెట్టు! పెట్టు ముందు! అమ్మాయ్, కిటికీ తియ్యి, పొయ్యిలన్నీ కట్టెయ్యి! స్విచ్చు మీద చెయ్యి వెయ్యకండి ఎవరూ!"

"గ్యాసా?"

"ఆ కిటికీ పక్క పొయ్యి చూడు, మంట లేదు, గ్యాసు వస్తూనే ఉంది! గది గదంతా కంపు, గుమ్మంలో నాకు ఊపిరాడట్లేదు! ఇద్దరు మనుషులు లోపల నిలబడి ఏం చేస్తున్నారయ్యా? ఒక్కరికైనా తెలీలేదా?"

"నాకంటే... నాకు మేడమ్... చెల్లీ, నీకు తెలియాలిగా? ఆరితే చెప్తావని కదా నేను... ఏమే, నీకు వాసన రాలేదా?"

"అప్పట్నుంచీ రావట్లేదన్నయ్యా. జ్వరం మనిద్దరికీ కలిసే వచ్చింది కదా. ఆ రోజు నువ్వు నిమ్మకాయ పట్టుకుని ఏడుస్తుంటే చూడలేక, మనలో ఒక్కళ్ళకైనా ఉందనుకుంటావని అలా అన్నాను."